నాస్తికుడికి తండ్రి ఆస్తిలో వాటా ఉంటుందా?

ప్రశ్న: మాది కృష్ణా జిల్లా. మా నాన్నగారు 2012లో వీలునామా రాయకుండా చనిపోయారు. అమ్మ అంతకుముందే పోయింది. వారసులం నేను, తమ్ముడు మాత్రమే. నాన్నగారు తన సంపాదనతో కొన్న నాలుగెకరాల మాగాణి తమ్ముడి చేతిలో ఉంది. నేను నలభై ఏళ్లుగా నాస్తికుణ్ణి, కర్మకాండకు కూడా కూర్చోలేదు. ‘దేవుణ్ణి కాదన్నవాడివి హిందువువి కావు, నీకు వాటా లేదు’ అని తమ్ముడు 2014 అక్టోబరులో ఉత్తరం రాశాడు. నాస్తికత అంటే దేవుడి మీద నమ్మకం లేకపోవడమే తప్ప మతాన్ని వదులుకోవడం కాదని నా వాదన. చట్టం ప్రకారం సరైన నిర్వచనం ఏది? ఆర్యసమాజంలో శుద్ధి చేయించుకుని ధ్రువపత్రం తెచ్చుకోమని ఒక మిత్రుడు సలహా ఇస్తున్నాడు.

జవాబు: మీ ఉత్తరం ఏడు పేజీలు. అందులో అయిదు పేజీలు నాస్తికత నిర్వచనానికే పోయాయి. మీ దావాకు ఆ నిర్వచనంతో పని లేదు. చనిపోయిన వ్యక్తి ఆస్తి ఆ వ్యక్తికి వర్తించే చట్టం ప్రకారమే సంక్రమిస్తుంది గాని వారసుడి విశ్వాసాన్ని బట్టి కాదు. ఏటా తిరుపతి వెళ్లేవారని మీరే రాసిన మీ తండ్రిగారు హిందువు కాదని మీ తమ్ముడు కూడా అనలేడు. కాబట్టి హిందూ వారసత్వ చట్టం, 1956లోని 8వ సెక్షన్ ప్రకారం కొడుకుగా మీరు మొదటి తరగతి వారసులు. వారసుడికి ఉండగల అనర్హతలను ఆ చట్టమే చెప్పింది. అందులో చెప్పినవి తప్ప మరే కారణం చేతా ఎవరినీ అనర్హులుగా చూడరాదని 28వ సెక్షన్ స్పష్టం చేసింది. మతం మారిన వ్యక్తికే వారసత్వం పోదు. మారిన తరువాత పుట్టిన అతని సంతానానికి మాత్రమే 26వ సెక్షన్ అడ్డు చెబుతుంది. మీరు మతం మారనైనా లేదు.

నిర్వచనం తేలకపోతే మీకు నిద్ర పట్టేలా లేదు కనుక ఒక్క మాట చెబుతాను. మనుస్మృతి దృష్టిలో నాస్తికుడు వేదాన్ని నిందించేవాడు. జగత్తును సృష్టించిన ఈశ్వరుణ్ణి అంగీకరించని సాంఖ్యులు వేదాన్ని ఒప్పుకున్నందువల్ల ఆస్తికులలోనే చేరారు. వేదప్రమాణాన్ని ఒప్పుకోని బౌద్ధులు, జైనులు ఆ లెక్కన నాస్తికులు. అయినా 2వ సెక్షన్ వారిద్దరికీ ఈ చట్టాన్ని పేరు పెట్టి మరీ వర్తింపజేసింది. అంతేకాక, ముస్లిం, క్రైస్తవ, పార్శీ, యూదు మతాలకు చెందనివారు హిందూ న్యాయం తమకు వర్తించదని రుజువైతే తప్ప ఈ చట్టం కిందికే వస్తారని కూడా చెప్పింది. విజయవాడలో గోరాగారు నాస్తికత్వాన్ని కేవలం అపనమ్మకంగా కాక ఒక జీవన విధానంగా బోధించారు. మీరు ఆయన అర్థం తీసుకున్నా, మీ అర్థం తీసుకున్నా మీ వాటా అంగుళం కూడా తగ్గదు.

తగ్గించేది కాలం. సహవారసుడు ఒక్కడే సాగు చేసుకుంటున్నంత మాత్రాన, గ్రామ సాగు రికార్డు అయిన అడంగల్‌లో తన పేరు ఎక్కించుకున్నంత మాత్రాన మీ హక్కు పోదు. కానీ ‘నీకు వాటా లేదు’ అని మీకు తెలిసేలా చెప్పి, భూమిని తన అధీనంలోనే ఉంచుకుంటే, ఆ రోజు నుంచి స్వాధీనం మీకు ప్రతికూలమైందని, అంటే మీ హక్కును కాదని తన సొంతంగానే అనుభవిస్తున్నానని అతను వాదించగలడు. దావాల గడువులు చెప్పే లిమిటేషన్ చట్టం 65వ అధికరణం ప్రకారం, అక్కడి నుంచి మీరు దావా వేయడానికి గడువు పన్నెండేళ్లు. అంటే 2026 అక్టోబరు. అంతటి ఉత్తరానికి జవాబు ఇవ్వకపోవడం, పైగా ‘కవరు ఎక్కడో పడేశాను’ అని తేలికగా రాయడం క్షమించరాని అశ్రద్ధ. ఉత్తరం మీద వేసిన తేదీ వేరు, అది మీకు చేరిన తేదీ వేరు. రెండోదానికి సాక్ష్యం ఆ కవరే.

మీ ఆరవ పేజీలో, తమ్ముడు 2017 సంక్రాంతి దాకా ఏటా రెండు బస్తాల బియ్యం ‘ముష్టి వేసినట్టు’ పంపాడని బాధపడ్డారు. ఏడు పేజీల్లోనూ మీకు పనికివచ్చే వాక్యం అదొక్కటే. ఆ బియ్యం పంటలో మీ వాటాగా వచ్చిందని రుజువైతే 2014 నుంచే మిమ్మల్ని వెళ్లగొట్టాడన్న వాదన బలహీనపడుతుంది. బస్తాలు దించిన ఆటో మనిషి, అందాయని మీరు పంపిన ఫోన్ సందేశాలు, ఏవి దొరికితే అవి పోగు చేయండి. అయితే దాన్ని నమ్ముకుని గడువు దాటనివ్వకండి; లెక్క 2014 నుంచే వేసుకోండి.

శుద్ధి ధ్రువపత్రం జోలికి మాత్రం పోవద్దు. హిందూమతంలోకి తిరిగి వచ్చానని కాగితం తెచ్చుకోవడమంటే, ఇంతకాలం అందులో లేనని మీ సంతకంతో ఒప్పుకోవడమే. మీ తమ్ముడు నిరూపించలేని విషయాన్ని మీరే రాసి అతని వకీలు చేతిలో పెట్టినట్టవుతుంది. పాత తేదీ వేయిస్తే అది దొంగ సాక్ష్యం. దానికి జైలు శిక్ష ఉంది.

ముందుగా ఈసీ (భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాలు చూపే ధ్రువపత్రం), మీ తండ్రిగారి కొనుగోలు దస్తావేజు నకలు, మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తీయించండి. భూమి ఉన్న ప్రాంతపు సివిల్ కోర్టులో సగం వాటాకు భాగపంపిణీ దావా వేసి, దానితోపాటే భూమి అమ్మకుండా తాత్కాలిక నిషేధపు ఉత్తర్వు కోరండి. దావా నడుస్తుండగా అతను అమ్మినా, కొన్నవాడు తీర్పుకు లోబడవలసిందే. ‘ఉమ్మడిగా అనుభవిస్తున్నాం’ అని రాసి కోర్టు ఫీజు తగ్గించుకోవాలని చూడకండి. మీ చేతిలో లేని భూమి గురించి ఆ అబద్ధం మొదటి క్రాస్ పరీక్షలోనే బయటపడుతుంది. దావాలో దేవుడి ప్రస్తావన తేవద్దు. అతను జవాబులో తెస్తే 28వ సెక్షన్ చూపిస్తే చాలు. ఈ వారమే అటకెక్కి ఆ కవరు వెతకండి, దొరికితే తపాలా ముద్ర చెరగకుండా మీ న్యాయవాదికి అప్పగించండి.