లేవీయకాండం దగ్గర ఆగిపోతుంటే
ప్రతి ఏడాది బైబిల్ మొదలెట్టి లేవీయకాండం దగ్గరే ఆగిపోతున్నా అన్నారు కదా బ్రదర్, అది మీకు భక్తి తక్కువై కాదు, దాన్ని విడి పుస్తకంలా చదవడం వల్ల.

1. ముందు దీనికి ముందున్న పుస్తకం, నిర్గమకాండం 40:34, 35 మళ్లీ చదవండి, చాలామంది వదిలేసేది ఇదే. మందిరం, అంటే దేవుణ్ణి ఆరాధించే ఆ గుడారం, యెహోవా తేజస్సుతో నిండిపోయి మోషే కూడా లోపలికి వెళ్లలేకపోయాడు. లేవీయకాండం 1:1లో దేవుడు గుడారంలోంచి పిలుస్తాడు, తర్వాతి పుస్తకం సంఖ్యాకాండం 1:1కి వచ్చేసరికి మోషేతో గుడారంలోనే మాట్లాడతాడు! బయట ఉన్నవాడు లోపలికి ఎలా వచ్చాడో చెప్పేవే ఈ మధ్యలో 27 అధ్యాయాలు, నాకైతే ఇది చూశాకే ఆ బలుల లిస్టంతా గుండెకి తగిలింది.

2. రోజుకి రెండే అధ్యాయాలు, 14 రోజుల్లో అయిపోతుంది.

3. ప్రాయశ్చిత్త దినం గురించి ఉన్న 16వ అధ్యాయం రోజున కొత్త నిబంధనలోని హెబ్రీ పత్రిక 9వ అధ్యాయం కూడా కలిపి చదవండి.