ఇంట్లోవాళ్లకు క్రిప్టో గురించి చెప్పబోయే ముందు

నల్లగొండ

చిరంజీవి బిడ్డకు,

మీ పెద్దబాపు ఆశీస్సులు. దసరాకు ఊరికి వచ్చినప్పుడు మీ బాపునూ చిన్నాయననూ మేనత్తనూ కూర్చోబెట్టి క్రిప్టోకరెన్సీ (కంప్యూటర్ లెక్కల్లో మాత్రమే ఉండే నాణెం) అంటే ఏమిటో చెబుతానన్నావని తెలిసి సంతోషించాను. నువ్వు చెప్పకపోతే, వాళ్ల పైసల మీద కన్నున్నవాడు ఎవడో ఒకడు వచ్చి చెబుతాడు. బ్యాంకులో ఉన్నన్నాళ్లూ రైతులకూ మిల్లు గుమస్తాలకూ కొత్త పథకాలు విడమరచి చెప్పినవాణ్ణి కనుక నాలుగు మాటలు రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు, ధరతో మొదలుపెట్టవద్దు. క్రిప్టో నాణేల్లో మొదటిదైన బిట్‌కాయిన్ ఒక్కటి లక్షల్లో పలుకుతుందన్న మాట చెవిన పడ్డాక నువ్వేం చెప్పినా వాళ్లకు ఎక్కదు. లెక్కపుస్తకంతో మొదలుపెట్టు. మీ మేనత్త మహిళా సంఘం పుస్తకాలు రాస్తుంది కాబట్టి ఆమెకు ఇట్టే అర్థమవుతుంది. సంఘం పుస్తకం ఒక్కరి దగ్గరే కాకుండా సభ్యులందరి దగ్గరా అచ్చం ఒకే తీరుగా ఉన్నదనుకొమ్మను. ఎవరు ఎవరికి ఎంత ఇచ్చారో ప్రతి పుస్తకంలోనూ పడుతుంది. ప్రతి పేజీ మొదట్లో వెనక పేజీ నుంచి తెచ్చిన మొత్తం ఉంటుంది గనుక, పాత పేజీలో ఒక్క అంకె దిద్దినా ఆ తరువాతి పేజీలన్నీ తప్పి, మిగతావారి పుస్తకాలతో పొసగక దొంగలెక్క బయటపడుతుంది. క్రిప్టో లెక్కపుస్తకాన్ని బ్లాక్‌చెయిన్ అనీ, అందులోని ఒక్కో పేజీని బ్లాకు అనీ అంటారు; అక్కడ ఈ పని ప్రపంచమంతటా ఉన్న కంప్యూటర్లు చేస్తాయి. సతోషి నకమోతో అన్న పేరుతో 2008 అక్టోబరు 31న వెలువడిన పత్రంలో బిట్‌కాయిన్ పద్ధతి వివరించారు. 2009 జనవరి 3న దాని మొదటి బ్లాకు పడింది. సుమారు పది నిమిషాలకొక బ్లాకు చేరుతుంది, దాన్ని చేర్చినవారికి కొత్త నాణేలు దక్కుతాయి, మొత్తం నాణేలు 2 కోట్ల 10 లక్షలు దాటవు. ఈ మాత్రం చాలు. ఇంకా లోతుకు వెళితే మీ బాపుకు నిద్ర వస్తుంది.

నోటిమాటతో సరిపెట్టక ఫోన్లో చూపించు. ఆ లెక్కను ఎవరైనా ఉచితంగా తెరిచి చూడవచ్చు. మొదటి బ్లాకు తీసి, దాని తేదీనీ 50 బిట్‌కాయిన్ల ప్రతిఫలాన్నీ వాళ్లను స్వయంగా చదవనివ్వు. అక్కడ మనుషుల పేర్లు ఉండవు, అక్షరాలూ అంకెలూ కలిసిన పొడుగాటి చిరునామాలే ఉంటాయి. అది చూడగానే చిన్నాయన, "మరి ఇది నాదేనని రుజువేమిటి?" అని అడగక మానడు. ఈ ప్రశ్న దగ్గర తొందరపడవద్దు. రుజువల్లా ఒక రహస్య తాళమే, దాన్ని సాధారణంగా 12 లేదా 24 ఇంగ్లీషు పదాలుగా రాసి పెట్టుకుంటారు. ఆ పదాలు ఎవరి చేతికి చిక్కితే సొమ్ము వారి చేతికి పోతుంది. పాసుబుక్కు పోతే బ్యాంకులో దరఖాస్తు పెట్టుకుంటాం, కానీ ఇక్కడ దరఖాస్తు తీసుకునేవారే లేరు. మనిషి చెప్పకుండా పోతే పెళ్లాం పిల్లలకు పైసా అందదు. ఎక్స్ఛేంజీలో, అంటే ఈ నాణేలను కొని అమ్మించే కంపెనీలో ఉంచితే, తాళం ఆ కంపెనీ దగ్గర ఉంటుంది. 2022 నవంబరులో ఎఫ్‌టీఎక్స్ అనే పెద్ద ఎక్స్ఛేంజీ దివాలా తీసినప్పుడు ఖాతాదారుల సొమ్ము అందులోనే చిక్కుకుపోయింది.

ధర సంగతి ఇక అప్పుడు చెప్పు, పెరిగిన కథ ఒక్కటే చెప్పకుండా. 2021 నవంబరులో 69 వేల డాలర్ల దాకా ఎగబాకిన బిట్‌కాయిన్ ఏడాది తిరిగేసరికి 16 వేల దిగువకు పడింది. దాని వెనక భూమి లేదు, పంట లేదు, సర్కారు పూచీ లేదు. కొనేవారి గిరాకీయే దాని విలువ.

"సర్కారు ఒప్పుకున్నదా?" అని మీ బాపు తప్పక అడుగుతాడు. క్రిప్టో వ్యాపారానికి సేవలు ఇవ్వవద్దని రిజర్వు బ్యాంకు 2018లో బ్యాంకులకు పెట్టిన ఆంక్షను సుప్రీంకోర్టు 2020 మార్చిలో కొట్టివేసింది. కొనడం నేరం కాదు, అయితే అది చెల్లుబాటు నాణెమూ కాదు. రిజర్వు బ్యాంకు తెచ్చిన డిజిటల్ రూపాయి వేరు, దీనితో కలపవద్దు. 2022 ఏప్రిల్ 1 నుంచి లాభం మీద 30 శాతం పన్ను ఉన్నది, ఒక నాణెంలో వచ్చిన నష్టాన్ని మరొకదాని లాభంలోంచి తీసివేయనివ్వరు. కాగితం మీద లెక్క వేసి చూపించు: ఒకదానిలో 40 వేలు వచ్చి, ఇంకొకదానిలో 40 వేలు పోతే చేతిలో మిగిలింది సున్నా, కట్టవలసిన పన్ను 12 వేలు, ఆపైన సెస్సు.

ఎక్కువ సేపు మాట్లాడవలసింది మాత్రం మోసాల గురించి. మన ఊళ్లలో క్రిప్టో పేరు తెలిసిన బంధువు నోటనే వస్తుంది: నెలనెలా ఇంత మిత్తి ఖాయం, ఇద్దరిని చేర్పిస్తే కమీషన్, వాట్సాప్ గ్రూపులో లాభాల ఫొటోలు. అసలు క్రిప్టోలో ఖాయమైన రాబడి లేదు కనుక, ఖాయమన్న మాట వినబడితే అది మోసమేనని గట్టిగా చెప్పు. చెప్పినవాడు సొంత బామ్మర్ది అయినా సరే. పైసలు పోయినట్టు తెలిసిన క్షణమే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కు ఫోన్ చేయాలి. పరువు పోతుందని రెండు రోజులు దాచిపెడితే సొమ్మును ఆపే అవకాశం పోతుంది. ఆ నంబరు వాళ్ల ఫోన్లలో నీ చేత్తోనే ఎక్కించు.

బత్తాయి పైసలు వచ్చే రోజులు కాబట్టి, అంతా విన్నాక చిన్నాయన నీ చేతిలో ఒక లక్ష పెట్టి, నీ ఫోన్లోనే కొనిపెట్టమంటాడు. ఆ డబ్బు ముట్టుకోవద్దు, బిడ్డా. పండుగ పూట వాళ్లకు తెలిసేలా చెప్పడం వరకే నీ పని. కొనాలనుకుంటే ఆయన పేరుతో, ఆయన పాన్‌తో, పోయినా కుటుంబం గడిచే మొత్తంతో, పండుగ అయిపోయి నెల గడిచిన తరువాత ఆయనే కొనుక్కోవాలి. ముఖం మీద కాదనలేకపోతే పెద్దబాపు వద్దన్నాడని చెప్పు, నేను మాట్లాడతాను.

ఇట్లు,
మీ పెద్దబాపు