సేమ్యాలా కనిపిస్తే సంబరపడకు

స్వప్నా,

రాత్రి ఫోన్లో నువ్వు బయటపడలేదు గానీ నాకు అర్థమైందిలే, ల్యాబ్‌లో మాంసం పెంచుదామంటే మూడోసారీ ఫ్లాస్కులో కండ కణాలు కాకుండా ఫైబ్రోబ్లాస్టులే, అంటే కండ చుట్టూ పొరల్లో ఉండే కణాలే, మిగిలాయన్నమాట. పెదనాన్న ముప్పై ఏళ్ళు కణాలు పెంచే కల్చర్ హుడ్ ముందే కూర్చున్నాడు, చెప్తా విను.

ఆదివారం ఉప్పల్‌లో మటన్ షాపు నుంచి తొడ ముక్క తెచ్చావు చూడు, ముందు అది మానెయ్. నరికే మొద్దు, ఈగలు, పదిమంది చేతులు, ఎంత కడిగినా రెండోరోజుకి మీడియం, అదే కణాలకి తిండిగా పోసే ద్రవం, మబ్బుగా అయిపోద్ది. తెల్లారే చెంగిచర్ల కబేళాకి వెళ్ళు, అప్పుడే కోసిన కండ యాంటీబయాటిక్ కలిపిన చల్లటి బఫర్‌లో వేసి ఐస్ డబ్బాలో తెచ్చుకో. కొవ్వు, పొరలు తీసేసి ఖీమా కన్నా సన్నగా తరుగు.

మనక్కావాల్సినవి కొత్త కండని పుట్టించే శాటిలైట్ సెల్స్, అవి కండ పోగుకీ దాని పైపొరకీ మధ్య ఒదిగి పడుకుని ఉంటాయి, కండని విడగొట్టే కొల్లాజినేజ్ ఎంజైమ్ పోస్తేనే బయటికొస్తాయి, కానీ వాటితో పాటు ఫైబ్రోబ్లాస్టులూ వస్తాయి, అవేమో పిలవని పేరంటానికొచ్చి ముందే పీట లాక్కునే రకం. అందుకే వడకట్టాక కోటింగ్ లేని ఫ్లాస్కులో గంటసేపు ఉంచు, అవి అడుక్కి అతుక్కుంటాయి, మనవి ఇంకా తేలుతూ ఉంటాయి, ఆ పైన నీళ్ళని నెమ్మదిగా కొల్లాజెన్ పూసిన ఫ్లాస్కులోకి మార్చు. నువ్వు ఎగ్గొడుతున్న స్టెప్ ఇదేనని నా అనుమానం.

ఇంకోటి, ఫ్లాస్కు అరవై డెబ్భై శాతం నిండగానే సెల్స్‌ని విడదీసి కొత్త ఫ్లాస్కుల్లోకి మార్చెయ్. ఓసారి నేను దసరాకి ఊరెళ్ళి, వచ్చి మైక్రోస్కోప్‌లో చూస్తే పొడుగ్గా సేమ్యాలా మయోట్యూబులు, అంటే కండ కణాలు కలిసి ఏర్పడ్డ గొట్టాలు, ఎంత ముచ్చటగా ఉన్నాయో! తీరా చూస్తే ఒకదాన్నొకటి తాకి కలిసిపోయాయి, అంటే ఇక విభజన ఆగిపోయినట్టే, బ్యాచ్ మొత్తం పోయింది. సెల్స్ సరిపడా పెరిగాక మీడియంలో కలిపే సీరం తగ్గించి నువ్వే కలిపించాలి గానీ, వాటంతట అవి కలవకూడదు.

సీరం అంటే గుర్తొచ్చింది, 2013లో లండన్‌లో డచ్ శాస్త్రవేత్త మార్క్ పోస్ట్ చూపించిన ల్యాబ్ మాంసం బర్గర్, అదే రెండున్నర లక్షల యూరోలది, అది కూడా దూడ పిండం రక్తంలోంచి తీసిన సీరంతో పెంచిందే. జంతువుని చంపని మాంసం అని పేరు, ఏం చెప్తాం! ఇప్పటికి నువ్వూ అదే వాడు, సీరం లేని మీడియం గొడవ తర్వాత.

మీ అమ్మ బిర్యానీకి ముక్కలెప్పుడిస్తావని అడుగుతోంది. రక్తనాళాలు లేకుండా ఆక్సిజన్ రెండొందల మైక్రాన్లకి, అంటే మిల్లీమీటరులో ఐదో వంతుకి, మించి లోపలికి పోదు, మందపాటి ముక్కలో లోపలి కణాలు బతకవు, ముందు ఖీమాకే దిక్కులేదని చెప్పు.

బుధవారం హబ్సిగూడ వైపు వస్తున్నా, పాత ఫ్లాస్కులు పారెయ్యకుండా ఉంచు, చూస్తా. ఈలోగా ఆ గంటకి టైమర్ పెట్టుకో, రీల్స్ చూస్తూ కూర్చోకు.

పెదనాన్న