ఫాల్ట్ గీత మా ఊరి మీదుగా పోయింది, ఏం చేయాలి?

ప్రశ్న: మాది గడివేముల దగ్గర పల్లె సార్. వాట్సాప్‌లో ఒక మ్యాప్ తిరుగుతాంది, దాంట్లో గని-కాల్వ ఫాల్ట్ అని ఎర్రగీత సరిగ్గా మా ఊరి మీదనే పోయినట్టు ఉండాది. మొన్ననే అప్పు చేసి ఇల్లు కట్టుకున్నాం. ఇల్లు ఆ గీత మీద ఉందో లేదో ఎట్ల తెలుసుకోవాల?
*(ఒక పాఠకుడు, నంద్యాల జిల్లా)*

జవాబు: ముందు ఆ మ్యాప్ స్కేల్ ఏందో చూడండి, ఇట్లాంటి ఫార్వర్డ్ ఫొటోల్లో ఎవరూ పెట్టనిది అదే. జియలాజికల్ సర్వే వాళ్లు 2000లో దేశం మొత్తానికి ఫాల్టులు, భూకంపాలు కలిపి ఒక అట్లాస్ వేశారు, అది పది లక్షలకు ఒకటి స్కేలు, అంటే కాగితం మీద ఒక్క మిల్లీమీటర్ గీత నేల మీద ఒక కిలోమీటర్ అన్నమాట, దాన్ని ఫోన్‌లో జూమ్ చేసి మా వీధి మీద పోయింది అనుకుంటే అర్థమే లేదు. యాభై వేలకు ఒకటి స్కేలు మ్యాప్‌లో కూడా అదే గీత 50 మీటర్లు. ఇంకోటి, గీత తెగకుండా ఉందా, చుక్కలు చుక్కలుగా ఉందా చూడండి. చుక్కల గీత అంటే అక్కడ మట్టి కప్పేసింది, ఫాల్ట్ ఇట్లా పోయి ఉంటుందని చుట్టుపక్కల రాళ్లను బట్టి అంచనా వేశారు అని. జియలాజికల్ సర్వే వాళ్ల భూకోశ్ పోర్టల్లో అసలు మ్యాపులు ఉన్నాయి, ఆ వాట్సాప్ ఫొటోను వదిలేసి అవి చూడండి.

ఇక ఫాల్ట్ ఉన్న మాట నిజమే, అబద్ధం చెప్పను. రాతి పొరలు తెగి ఒక పక్క పైకో కిందికో అడ్డంగానో జరిగిన చోటే ఫాల్ట్. మన కడప బేసిన్, అంటే పాత రాతి పొరలు పేరుకున్న పల్లపు ప్రాంతం, నెలవంక లాగా దాదాపు 44 వేల చదరపు కిలోమీటర్లు పరుచుకుని ఉంది, దాంట్లో అడుగు రాళ్ల వయసు 190 కోట్ల ఏళ్ల దాకా ఉంటుంది, అంత వయసున్న నేలలో తెగని చోటు దొరకడమే కష్టం. ఫీల్డులో దీన్ని ఎట్లా పట్టుకుంటారంటే, శాటిలైట్ ఫొటోలో కొండ వరస ఉన్నట్టుండి తెగినట్టు కనిపిస్తే అక్కడికి నడిచి పోతారు, రాయి నలిగి ముక్కలై మళ్లీ తెల్లటి క్వార్ట్జ్‌తో అతుక్కుని ఉంటుంది, కొన్నిచోట్ల రాతి ముఖం పాలిష్ పట్టినట్టు నున్నగా ఉండి దాని మీద ఒకే దిక్కుకు సన్నటి గీరలు ఉంటాయి, ఆ గీరల వెంట చేత్తో ఒక దిక్కుకు తడిమితే నున్నగా, ఎదురు దిక్కుకు తడిమితే గరుగ్గా తగుల్తుంది, ఏ పక్క ఎటు జరిగిందో దాన్నిబట్టే చెప్తారు.

లోపలి సంగతికి వేరే పద్ధతి. 1972-75 మధ్య హైదరాబాద్‌లోని భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ వాళ్లు సోవియట్ సాయంతో కావలి నుంచి ఉడిపి దాకా దాదాపు 600 కిలోమీటర్లు బోర్లలో పేలుళ్లు చేసి, ఆ అదురు లోపలికి పోయి తిరిగొచ్చే టైమును బట్టి భూమి పొరలు లెక్కగట్టారు, దేశంలో అట్లాంటి సర్వే అదే మొదటిది. ఆ లైన్ మన పార్నపల్లె మీదుగానే పోయింది. కడప బేసిన్‌కు అడ్డంగా ఏ ఫాల్ట్ ఎంత లోతుకు దిగిందో మనకు తెలిసింది ఆ పనివల్లే, ఈ సంగతి మన పిల్లలకు స్కూల్లో ఎవరూ చెప్పరు, అది నాకు బాధ.

కానీ మ్యాప్‌లో ఫాల్ట్ ఉండటం వేరు, అది ఇప్పుడు కదలడం వేరు. సీమలో ఫాల్టులు చాలా మటుకు కోట్ల ఏళ్ల కిందట కదిలి ఆగిపోయినవి. అయినా ఇండియా ప్లేట్ ఏడాదికి ఐదు సెంటీమీటర్ల లెక్కన ఉత్తరానికి పోతూ ఆసియాను నెడుతూనే ఉంది, ఆ ఒత్తిడి మన కింద కూడా ఉంటుంది, ఎప్పుడో ఒక పాత తెగుడు దగ్గర జారొచ్చు. గీత చూసి ఇల్లు అమ్ముకోవద్దు, ఆ ఇల్లు ఎట్లా కట్టారో చూడండి, దాని గురించి కింద చెప్తా.

ప్రశ్న: మన సీమకు భూకంపాలే రావంటారు. కాలేజీ ప్రాజెక్టుకు పాత రికార్డు కావాలి, అనంతపురం అని వెతికితే ఏమీ దొరకట్లేదు.
*(డిగ్రీ విద్యార్థిని, అనంతపురం)*

జవాబు: అనంతపురం అని వెతికితే ఎందుకు దొరుకుతుందమ్మా, 1882 దాకా అనంతపురం జిల్లానే లేదు, బళ్లారి జిల్లాలో ఉండేది. బళ్లారి అని వెతుకు. 1843 ఏప్రిల్ 1 భూకంపం కనిపిస్తుంది. థామస్ ఓల్డ్‌హామ్ తయారు చేసిన భూకంపాల జాబితా 1883లో అచ్చయింది, 1869 చివరి దాకా ఉంటుంది, మొదలుపెట్టాల్సింది దానితోనే. అట్లాగే 1967 మార్చి ఒంగోలు భూకంపం చూసేటప్పుడు గుర్తు పెట్టుకో, ప్రకాశం జిల్లా 1970లో వచ్చింది, ఆ పేరుతో వెతికితే దొరక్కపోవచ్చు.

పాత జాబితాల్లో ఇంకో చిక్కుంది, ఊర్లో రాసేవాడు ఉంటేనే రికార్డు, కలెక్టరో కంటోన్మెంటో ఉన్న చోటు తెలుస్తుంది, నల్లమల నడుమ ఊగితే ఎవరు రాస్తారు? ఖాళీగా ఉందంటే రాలేదని కాదు. 2002 మ్యాప్‌లో మన సీమ ఎక్కువ భాగం జోన్ 2, తక్కువ ప్రమాదమున్న జోన్. మహారాష్ట్ర లాతూర్ జిల్లా కిల్లారి అయితే 1993 నాటి పాత మ్యాప్‌లో అంతకన్నా తక్కువ, జోన్ 1. అక్కడ 1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున 6.2 భూకంపం వచ్చి దాదాపు 10 వేల మంది చనిపోయారు. కర్నూలుకు అది నేరుగా 300 కిలోమీటర్లే. మీ అవ్వతాతల్ని అడుగు, పాత్రలు కదిలాయా, ఏ పంటకాలం అది, రాసుకో, నీ ప్రాజెక్టుకు అదే బలం.

ప్రశ్న: బేతంచెర్ల వైపు రోజూ దబ్ దబ్‌మని శబ్దాలు, గోడలు బీటలిచ్చినాయి. ఇది భూకంపమేనా?
*(పేరు రాయలేదు)*

జవాబు: రోజూ ఒకే టైముకు వస్తుంటే అది క్వారీ బ్లాస్టింగే, భూకంపం డ్యూటీ టైము చూసుకుని రాదు. అనుమానముంటే నేషనల్ సెంటర్ ఫర్ సీస్మాలజీ వాళ్ల భూకంప్ యాప్‌లో ఆ టైముకు ఏమైనా నమోదైందేమో చూడండి, మరీ చిన్నవి రావు గానీ బాగా తెలిసేంత ఊపైతే వస్తుంది. బీటలకు నల్లరేగడి కూడా కారణం కావచ్చు, వానకు ఉబ్బి ఎండకు ముడుచుకుంటుంది, కిటికీ మూల నుంచి ఏటవాలుగా పోయి ఎండాకాలం వెడల్పయ్యే బీట ఎక్కువగా దానిదే.

నాకు భయం వేసేది మాత్రం వేరే. కిల్లారిలో జనాన్ని చంపింది మట్టితో పేర్చిన లావాటి రాతిగోడ, దాని పైన అడుగుల మందం మట్టి మిద్దె. అట్లాంటి మిద్దెలు మన పల్లెల్లో ఇప్పటికీ ఎన్ని లేవు! ప్రతి ఏడూ కారకుండా పైన ఇంకింత మట్టి వేస్తారు, బరువు పెరుగుతానే ఉంటుంది. పాత మట్టి తీయించి తేలిక కప్పు వేసుకోండి. రాతిగోడ కొత్తగా కడుతుంటే గోడ మందం మొత్తం పట్టే పొడవు రాళ్లు మధ్యమధ్యలో పెట్టమని మేస్త్రీకి దగ్గరుండి చెప్పండి, లేకపోతే లోపలి వరస, బయటి వరస రెండుగా విడిపోతాయి. తలుపు కిటికీల పైన లింటెల్ లెవెల్లో ఇల్లు చుట్టూ ఎక్కడా తెగకుండా కాంక్రీట్ బ్యాండ్ పోయాలి, గడివేముల పాఠకుడు కూడా తన ఇంట్లో చూసుకోవాల్సింది ఇదే.

ఇప్పుడున్న బీటకు రెండు కొసల్లో పెన్సిల్ గీత పెట్టి తేదీ రాయండి, పక్కనే శబ్దం వచ్చిన టైములు ఒక నోట్‌బుక్‌లో. బ్లాస్టింగ్ అదురు ఇంతకు మించకూడదని గనుల భద్రత శాఖ లిమిట్ పెట్టింది, ఫిర్యాదుకు ఆ నోట్‌బుక్ జిరాక్స్ జతచేయండి.