నన్నడిగితే మన దగ్గర అన్నిటికన్నా పెద్ద ఉదాహరణ చెరువు పూడికే

హనుమకొండలో బీటెక్ చదువుతున్న తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది: "సైన్సు, ఇంజనీరింగ్ వల్ల పర్యావరణం బాగుపడి, మామూలు జనానికి మేలు జరిగిన ఉదాహరణ ఉత్తర తెలంగాణలో ఏదైనా ఉందా?" ఇలా అడగగానే అందరూ రామగుండం పేరు చెప్తారు. నిజమే, అక్కడ ఎన్టీపీసీ రిజర్వాయర్ మీద 100 మెగావాట్ల తేలే సోలార్ ప్లాంటు 2022 జూలై నుంచి పూర్తిగా నడుస్తోంది. పలకలు దాదాపు 500 ఎకరాల నీళ్ల మీద పరుచుకున్నాయి. ఇన్వర్టర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు కూడా ఫెర్రో సిమెంటు దిమ్మెల మీద నీళ్లలోనే తేలుతుంటాయి. పలకల నీడ వల్ల ఏడాదికి 32.5 లక్షల ఘనపు మీటర్ల నీళ్లు ఆవిరి కాకుండా మిగులుతాయని లెక్క కట్టారు. మంచి పని, కాదనను.

కానీ నేను చెప్పేది అది కాదు. మాది నర్సంపేట వైపు పల్లె. నా కళ్లతో చూసిన మేలు మా ఊరి చెరువు పూడిక తీసినప్పుడు జరిగింది.

చెరువుల పూడిక తీసి బాగు చేసే రాష్ట్ర సర్కారు పథకం మిషన్ కాకతీయ 2015 మార్చిలో మొదలైంది. రాష్ట్రంలో 46 వేలకు పైగా చెరువులు, కుంటలు లెక్కకొచ్చాయి. జేసీబీ ఖర్చు సర్కారుది, మట్టి తోలుకునే ఖర్చు రైతుది. మా చెరువు వంతు వచ్చినప్పుడు ఎండాకాలం. పొద్దు పొడవక ముందే కట్ట మీద ట్రాక్టర్లు వరసగా నిలబడేవి. పైపొర నెర్రెలు బారి పెంకులా లేచింది. దాని నిండా ప్లాస్టిక్ కవర్లు, గుట్కా పొట్లాలు. బకెట్ ఇంకొంచెం లోతుకు పోయేసరికి నల్లటి మట్టి వచ్చింది. తడి ఇంకా ఆరలేదు, వెన్నలాగా జారుతోంది, మధ్యలో నత్తగుల్లలు.

మా నాయన ట్రాలీ ఎక్కి గుప్పెడు మట్టి తీసుకున్నాడు. బాటిల్ నీళ్లు కొంచెం చల్లి, రెండు అరచేతుల మధ్య పురికొసలాగా పేనాడు. సన్నగా, జానెడు పొడవు సాగింది కానీ తెగలేదు. "ఇగ పోయించు" అన్నాడు డ్రైవర్‌తో. ఇంకో చోట తీసిన మట్టి రెండు వేళ్ల వెడల్పు కూడా సాగకుండానే విరిగిపోయింది. "ఇది మనకొద్దు, ఇసుక పాలు ఎక్కువుంది" అని తిప్పి పంపించాడు. ల్యాబ్‌కు పోకముందే మట్టిలో బంకపాలు ఎంతో అంచనా కట్టడానికి అగ్రికల్చర్ కాలేజీలో పిల్లలకు నేర్పేది కూడా ఇలా తడిపి, పట్టీలాగా సాగదీసి చూడడమే. మా నాయన కాలేజీ గేటు కూడా చూడలేదు.

మాది ఎర్ర చెలక. రెండు రోజులు ఎండ కొడితే చాలు, తడి ఉండదు. డీజిల్‌కు, ట్రాక్టర్ కిరాయికి పెట్టిన డబ్బులు అయిపోవడంతో సగం చేనుకే మట్టి పడింది. మిగతా సగం అలాగే ఉండిపోయింది. కుప్పలు చదును చేసి, దుక్కి దున్ని, రెండు సగాల్లోనూ ఒకే రకం పత్తి పెట్టాం. ఆ వానాకాలంలో నడుమ వాన మొహం చాటేసింది. మిట్టమధ్యాహ్నం పోయి చూస్తే మట్టి పడని సగంలో ఆకులు వేలాడిపోయి ఉన్నాయి, పడిన సగంలో చెట్లు నిటారుగా నిలబడి ఉన్నాయి. గీత గీసినట్టు తేడా కనిపించేది. పక్క చేన్ల వాళ్లు వచ్చి చూసి పోయారు. ఆ సగానికి మా నాయన యూరియా కూడా తగ్గించాడు. ఇంతకన్నా రుజువు నాకు అక్కర్లేదు. ఎవరైనా పరిశోధన పేపర్ చూపించి కాదంటే, మా చేనుకు వచ్చి మాట్లాడమంటాను.

ఇందులో సైన్సు ఏముందంటే చాలా ఉంది. చెరువులో చేరిన ఆ నల్లమట్టి ఎక్కడి నుంచో ఊడిపడలేదు. ఎగువ చేన్ల పైపొరే వానకు కొట్టుకొచ్చి అడుగున పేరుకుంటుంది. బంకమట్టి, కుళ్లిన ఆకులు అలములు కలిసి ఉంటాయి కాబట్టి నీటిని పట్టి ఉంచుతుంది. దాన్ని తీసి చేన్లో పోస్తే చేనుకు బలం, చెరువుకు లోతు. అడుగున ఆ బంకపొర పలుచనైతే నీళ్లు భూమిలోకి ఇంకుతాయి, చుట్టుపక్కల బోర్లలోకి నీరు వస్తుంది. ఒక్క పనితో ఇన్ని లాభాలు ఇచ్చే మెషీన్ ఎక్కడైనా ఉంటే చూపించండి.

అసలు ఈ ఏర్పాటంతా మనకు పెట్టిపోయింది కాకతీయులు. పాఖాల, రామప్ప చెరువులు రెండూ గణపతిదేవుడి కాలానివి. రెండు గుట్టల మధ్య ఉన్న సందు చూసి కట్ట వేశారు. తక్కువ కట్టతో ఎక్కువ నీళ్లు నిలిచాయి. ఊళ్లలో చెరువులు గొలుసుకట్టుగా ఉంటాయి. పైచెరువు నిండి మత్తడి (అలుగు) దుంకితే ఆ నీళ్లు కింది చెరువుకు పోతాయి, అది నిండితే దాని కిందిదానికి. కరెంటు లేదు, మోటారు లేదు, వాలు ఒక్కటే. రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది, సంతోషం. వచ్చిన వాళ్లంతా నీళ్లలో తేలే ఇటుకల గురించి చెప్పుకొని, ఫొటోలు దిగి వెళ్లిపోతున్నారు. కాస్త దూరం పోతే, ఎనిమిది వందల ఏళ్లుగా ఉన్న చెరువు ఇప్పటికీ పొలాలకు నీళ్లిస్తోంది. దాన్ని చూపించే గైడు ఒక్కడు లేడు. నాకు అది చాలా బాధగా ఉంటుంది.

ఇంకో బాధ కూడా చెప్పాలి. మా చెరువులో పూడిక అయిపోయాక కూడా కాంట్రాక్టర్ మనుషులు ఆగలేదు. రోడ్డు పనికి మొరం కావాలని ఇంకా లోతుకు తవ్వుకుపోయారు. ఒక మూలన నిలువెత్తు గుంతలు పడ్డాయి. పశువులు నీళ్లు తాగడానికి దిగితే కాళ్లు దిగబడతాయి, పిల్లలు ఈతకు పోతే ఇంట్లో వాళ్లకు టెన్షన్. తూము మాత్రం సగం సగం బాగు చేసి వదిలేశారు. తూము తలుపు సరిగ్గా పడకపోతే ఎంత పూడిక తీసినా ఏం లాభం? నీళ్లు రాత్రంతా కారిపోతూనే ఉంటాయి. వెనకట తూము చూసుకోవడానికి నీరటి ఉండేవాడు. పంట ఇంటికొచ్చాక ఊరు ఆయనకు వడ్లు కొలిచేది. ఏ పొలానికి ఎప్పుడు వదలాలి, వాన ముదిరితే ఎప్పుడు కట్ట మీద కాపలా ఉండాలి, అన్నీ ఆయనకు తెలుసు. ఇప్పుడు ఆ పని ఎవరిదో అడిగితే ఒక ఆఫీసు వాళ్లు ఇంకో ఆఫీసును చూపిస్తారు.

వరంగల్ సంగతైతే చెప్పే పనే లేదు. 2020 ఆగస్టులో, 2023 జూలైలో హంటర్ రోడ్డు వైపు కాలనీలు నీళ్లలో మునిగాయి. 2023 జూలైలోనే ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అంత వానకు ఏ ఊరైనా అల్లాడుతుంది, ఒప్పుకుంటాను. కానీ చెరువు నీళ్లు నిలిచే శిఖం భూముల్లో ప్లాట్లు చేసి, నాలాల మీద షెడ్లు వేసి, ఆపైన వానను తిట్టడం న్యాయం కాదు. గొలుసులో ఒక లింకు తెగ్గొడితే నీళ్లు ఆగిపోవు, మన ఇళ్లలోంచి దారి చూసుకుంటాయి.

అందుకే తమ్ముడూ, ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకు ఇంటర్నెట్‌లో దొరికే మోడల్ ఏదో కొనుక్కొచ్చి వైవాలో పెట్టకు. నర్సంపేట బస్సు ఎక్కు. ఏదో ఒక మండలంలో ఒకే గొలుసులో ఉన్న చెరువులు తీసుకో. ఎండాకాలంలో ఒక్కో చెరువులో పూడిక ఎంత మందం ఉందో కొలువు. ఎఫ్‌టీఎల్ హద్దు, అంటే చెరువు పూర్తిగా నిండితే నీళ్లు నిలిచే హద్దు, ఎక్కడ ఉండాలో, ఇప్పుడు ఎక్కడ ఉందో సర్వే నంబర్లతో సహా మ్యాపు గియ్యి. ఏ తూము కారుతోంది, ఏ మత్తడి పగిలింది, ఏ కాలువ పూడింది రాసిపెట్టు. ఆ మ్యాపు కాపీ ఒకటి పంచాయతీ ఆఫీసు గోడకు అంటించమను. మొదలుపెట్టడానికి మా ఊరి చెరువు ఉంది, టేపు పట్టుకోవడానికి నేనొస్తాను.