తెల్ల రక్తకణం మింగేసినా టీబీ క్రిమి ఎందుకు చావదు?

ఒంట్లో చేరిన క్రిముల్ని తెల్ల రక్తకణాలు మింగేస్తాయి కదా, మరి టీబీ క్రిమి ఎలా బతుకుతోంది అని అడిగారు. నేను డాక్టర్ని కాను. మాది పలాస దగ్గర ఊరు. జీడిపిక్కల బస్తాలు మోసే మా చిన్నాన్నకు టీబీ వచ్చినప్పుడు వెంట తిరిగి తెలుసుకున్నది చెబుతాను.

మొదట్లో ఆ దగ్గు జీడి పొగ వల్లే అనుకున్నాం. గళ్ళ పరీక్ష చేసిన ల్యాబ్ అబ్బాయి నన్ను పిలిచి మైక్రోస్కోపులో చూపించాడు. నీలం రంగు మధ్యలో సన్నటి ఎర్రటి గీతలు. "యాసిడ్ పోసి కడిగినా ఆ ఎరుపు వదలదండి, దాని ఒంటికి మైనం లాంటి తొడుగు ఉంటుంది" అన్నాడు. సగం జవాబు అక్కడే ఉంది.

మిగతా సగం కణం లోపల జరుగుతుంది. మాక్రోఫేజ్ అనే పెద్ద తెల్ల రక్తకణం క్రిమిని మింగి ఒక సంచిలో పెడుతుంది. ఆ సంచి పులుపెక్కాలి, తర్వాత అరిగించే రసాలున్న లైసోజోమ్ వచ్చి దానితో కలవాలి. మామూలు క్రిమి అయితే అంతటితో సరి. టీబీ క్రిమి ఆ సంచిని పులుపెక్కనివ్వదు, లైసోజోమ్‌ని కలవనివ్వదు. చంపడానికి మింగిన కణంలోనే కాపురం పెడుతుంది! న్యుమోనియా తెచ్చే న్యుమోకాకస్‌ది వేరే దారి, జారుడు తొడుగుతో అసలు మింగుడుపడకుండా తప్పించుకుంటుంది. టైఫాయిడ్ క్రిమి కూడా మాక్రోఫేజ్‌లో దాక్కునే రకమే.

టీబీ క్రిమికి తొందర కూడా లేదు. ఒకటి రెండవడానికి ఇంచుమించు 20 గంటలు పడుతుంది. చుట్టూ కణాలు గోడ కట్టినా లోపల ఏళ్ల తరబడి నిద్రపోగలదు. మందులు చురుగ్గా పెరిగేవాటిని త్వరగా చంపుతాయి, నిద్రపోయేవి మిగులుతాయి. అందుకే మామూలు టీబీకి 6 నెలల కోర్సు: 2 నెలలు నాలుగు మందులు, తర్వాత 4 నెలలు మూడు.

మా చిన్నాన్న చేసిన పొరపాటు ఇక్కడే. మూత్రం నారింజ రంగులో వస్తోందని ముందే హడలిపోయి ఉన్నాడు (అది రిఫాంపిసిన్ అనే టీబీ మందు రంగు, అంతే). రెండో నెలకి దగ్గు తగ్గి, ఒళ్లు చేసేసరికి బిళ్ళలు ఆపేశాడు. ఆశా కార్యకర్త గుమ్మం దగ్గర నిలబడి గోల పెట్టినా "నాకు బాగానే ఉంది కదమ్మా" అనేవాడు. ఏడాది తిరక్కుండా గళ్ళలో నెత్తురు పడింది.

మళ్లీ పరీక్షలు, మళ్లీ కోర్సు. ఈసారి ఖాళీ బిళ్ళల అట్టలన్నీ వసారా దూలానికి మేకు కొట్టి గుచ్చేవాడు. అవింకా అక్కడే వేలాడుతున్నాయి.