వంట వచ్చినవాళ్లకు వంట ఎందుకు నేర్పడం?

ప్రశ్న: మా అమ్మాయి ఆక్యుపేషనల్ థెరపీ (జబ్బో లోపమో ఉన్నవాళ్లు రోజువారీ పనులు తామే చేసుకునేలా సాయపడే చికిత్స) చదువుతానంటోంది. ఈటింగ్ డిజార్డర్ (తిండితో ముడిపడిన మానసిక సమస్య) ఉన్నవాళ్లతో వంట చేయించడం అందులో ఒక పనట. తనకి వంటంటే ఇష్టం కాబట్టి అది బాగా నప్పుతుందట. వంట నేర్పడానికి ఇన్నేళ్ల చదువెందుకండీ? - ఒక తల్లి

జవాబు: ఆ చికిత్సకు వచ్చేవాళ్లలో చాలామందికి వంట వచ్చమ్మా. అనొరెక్సియా (లావైపోతామన్న భయంతో తిండి బాగా తగ్గించేసే జబ్బు) ఉన్నవాళ్లు కొందరు ఇంటిల్లిపాదికీ వండి, కొసరి కొసరి వడ్డించి, తాము మాత్రం ముద్ద ముట్టరు. కడుపు మాడేకొద్దీ ధ్యాసంతా తిండి చుట్టూనే తిరుగుతుంది. 1945లో అమెరికాలోని మిన్నెసోటాలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త, ఆకలి ప్రభావం తెలుసుకోవడానికి 36 మంది ఆరోగ్యవంతులైన మగవాళ్లకు దాదాపు ఆరు నెలలు సగం తిండే పెట్టి చూశారు. వాళ్లలో కొందరు వంట పుస్తకాలు పోగుచేయడం మొదలుపెట్టారు!

కాబట్టి థెరపిస్టు చూసేది వంట రుచిని కాదు. ఏం వండాలో అనుకోవడం, సరుకులు కొనడం, వండడం, తన కంచంలో తానే పెట్టుకోవడం, నలుగురితో కూర్చుని తినడం, గిన్నెలు కడగడం... వీటిలో మనిషి ఎక్కడ ఆగిపోతున్నాడో కనిపెట్టాలి. ఒకరు ప్యాకెట్ మీద కేలరీలు చదువుతూ షాపులోనే నిలబడిపోతారు. ఇంకొకరి చెయ్యి నూనె దగ్గర ఆగుతుంది. మరొకరు వండుతారు, తింటారు కూడా, కానీ గిన్నెలో మిగిలింది చూస్తే టెన్షన్, ఒంటరిగా ఉన్నప్పుడు అదంతా తినేస్తామేమోనని. ముగ్గురికీ ఒకే పాఠం పనికిరాదు. భయం తక్కువున్న పనితో మొదలుపెట్టి మెట్టు మెట్టుగా ఎక్కించాలి. ఎంత తినాలన్నది డైటీషియన్ చెబుతారు. ఒంట్లో పరిస్థితి కుదుటపడిందని డాక్టరు అన్నాకే పొయ్యి దగ్గరికి రానిస్తారు. ఇదంతా పుస్తకంతో వచ్చేది కాదు. అందుకే ఆక్యుపేషనల్ థెరపిస్టుల ప్రపంచ సమాఖ్య ప్రమాణాల ప్రకారం చదువులో భాగంగా కనీసం 1,000 గంటలు పేషెంట్ల మధ్య పనిచేయాలి.

అయితే వంట మీద ఇష్టంతోనే ఈ కోర్సులో చేరితే నిరాశ తప్పదు. ఆక్యుపేషనల్ థెరపిస్టుల్లో చాలామంది పిల్లలతోనో, పక్షవాతం వచ్చినవాళ్లతోనో పనిచేస్తారు. చొక్కా గుండీ పెట్టుకోవడం మళ్లీ నేర్పడానికి వారాలు పట్టొచ్చు. అంత ఓపిక ఉందా అన్నది అమ్మాయే తేల్చుకోవాలి.

ఇంకొకటి, అడగనా వద్దా అనుకుంటూనే అడుగుతున్నాను. తిండి విషయంలో అమ్మాయి ఎప్పుడైనా ఇబ్బంది పడిందా? పడి ఉంటే అది అనర్హతేమీ కాదు. కానీ ముందు తాను పూర్తిగా కోలుకోవాలి. రోజూ ఆ భయాలనే ఎదురుగా చూస్తూ పనిచేయడం మాటలు కాదు.

అప్లికేషన్ పెట్టేలోపు ఏదైనా పునరావాస కేంద్రంలో అనుమతి తీసుకుని రెండు రోజులు కూర్చుని చూడమనండి. మొదటి రోజు అందరికీ బాగానే ఉంటుంది. రెండో రోజు ఎలా ఉందో అడగండి.